గొంతు మారే విధం: ట్రాన్స్ మహిళల స్వరసాధన

ఫోను ఎత్తినవారు అవతలి మనిషిని చూడకుండానే ‘చెప్పండి సార్’ అనో ‘చెప్పండి మేడమ్’ అనో అనడానికి ఒకటి రెండు మాటలు వింటే చాలు. ఆ ఒకటి రెండు మాటల్లో చెవి దేన్ని పట్టుకుంటుంది, అలా పట్టుకున్నదాన్ని మాట్లాడే మనిషి ఎంతవరకు మార్చుకోవచ్చు అన్న విషయాన్ని ధ్వనిశాస్త్రం, వైద్యం చాలాకాలంగా పరిశీలిస్తున్నాయి. పుట్టినప్పుడు మగబిడ్డగా నమోదై, పెరిగే క్రమంలో తనను స్త్రీగా గుర్తించి స్త్రీగా జీవిస్తున్న ట్రాన్స్ మహిళకు మాత్రం ఈ ప్రశ్న పుస్తకాల్లోది కాదు. బ్యాంకు కస్టమర్ కేర్‌కు ఫోను చేసినప్పుడు, ఆటో ఎక్కి చిరునామా చెప్పినప్పుడు, ఆఫీసులో పేరు చెప్పుకొన్నప్పుడు అది ఎదురవుతూనే ఉంటుంది. చీర కట్టు, జుట్టు, నడక చూసి ‘అమ్మా’ అని పిలిచినవారే గొంతు వినగానే తడబడటం, ఒక్కోసారి వెక్కిరించడం, బ్యాంకువారైతే ఖాతా ఈమెది కాదేమోనని అనుమానించడం అనుభవంలో ఉన్న సంగతులే. ఈ ఇబ్బంది నుంచి బయటపడటానికి, అంతకన్నా ముఖ్యంగా తన గొంతు తనకే పరాయిదిగా వినబడే బాధ తగ్గడానికి చేసే క్రమబద్ధమైన కృషిని స్వర స్త్రీకరణ సాధన అనవచ్చు.

పదేళ్ళ లోపు ఆడపిల్లల గొంతుకూ మగపిల్లల గొంతుకూ పెద్ద తేడా ఉండదు. యుక్తవయసులో టెస్టోస్టిరాన్ అనే హార్మోన్ పెరగడంతో మగపిల్లల స్వరపేటిక, అంటే శ్వాసనాళం పైభాగాన మృదులాస్థులతో ఏర్పడిన పెట్టెలాంటి అవయవం, పరిమాణంలో పెరిగి కొంత కిందికి దిగుతుంది. దానిలో అడ్డంగా అమరి ఉండే రెండు స్వరతంత్రులు పొడవెక్కి, మందమవుతాయి. స్వరపేటిక ముందుభాగం మెడ మీద ముడిలా పొడుచుకొని కనిపిస్తుంది. ఈ మార్పులతో మగపిల్లవాడి గొంతు దాదాపు ఒక స్థాయి, అంటే పై షడ్జం నుంచి కింది షడ్జం దాకా ఉన్నంత దూరం, దిగిపోతుంది. ఆడపిల్లల గొంతు కూడా ఆ వయసులో కొద్దిగా దిగుతుంది గాని ఆ మేరకు కాదు.

ఇక్కడే చాలామందికి తెలియని, తెలిశాక నిరాశ కలిగించే సంగతి ఒకటి ఉంది. పుట్టినప్పుడు ఆడబిడ్డగా నమోదై పురుషులుగా జీవిస్తున్న ట్రాన్స్ పురుషులు టెస్టోస్టిరాన్ తీసుకుంటే కొన్ని నెలల్లోనే వారి గొంతు దానంతట అదే బొంగురుపోయి కిందికి దిగుతుంది; ట్రాన్స్ మహిళలు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఎంతకాలం తీసుకున్నా ఒకసారి పెరిగిన స్వరతంత్రులు తిరిగి కురచకావు, దిగిన స్వరపేటిక పైకి ఎక్కదు. చర్మం నునుపెక్కవచ్చు, శరీరంలో కొవ్వు సర్దుబాటు మారవచ్చు గాని గొంతు మాత్రం మందులకు లొంగదు. అందువల్ల మిగిలిన దారులు రెండే: ఒకటి సాధన, రెండవది శస్త్రచికిత్స, రెండవదాన్ని ఎంచుకున్నవారికి కూడా మొదటిది తప్పదు.

స్వరతంత్రులు సెకనుకు ఎంత ఎక్కువసార్లు కంపిస్తే గొంతు అంత హెచ్చు శ్రుతిలో వినబడుతుంది. ఈ లెక్కను పౌనఃపున్యం అంటారు, హెర్ట్జ్‌లలో కొలుస్తారు. వయోజన పురుషులు మాట్లాడేటప్పుడు ఇది సగటున 100 నుంచి 130 హెర్ట్జ్‌ల మధ్య, స్త్రీలలో 200 హెర్ట్జ్‌ల పరిసరాల్లో ఉంటుంది. 145 నుంచి 165 దాకా ఉన్న ప్రాంతం ఎటూ తేలని మధ్యభాగం. అది దాటితే విన్నవారు స్త్రీ గొంతుగా భావించే అవకాశం పెరుగుతుంది. కర్ణాటక సంగీతం తెలిసిన ఇళ్ళలో ఈ అంకెలు అర్థం చేసుకోవడం సులువు. పురుష గాయకులు సాధారణంగా పెట్టుకునే ఒకటి శ్రుతి షడ్జం సుమారు 131 హెర్ట్జ్‌లు, స్త్రీలు తరచు పెట్టుకునే ఐదు శ్రుతి షడ్జం సుమారు 196 హెర్ట్జ్‌లు, వాటి మధ్యనున్న మూడు శ్రుతి సుమారు 165 హెర్ట్జ్‌లు. అంటే సెల్‌ఫోనులోని శ్రుతిపెట్టె యాప్‌లో మూడు శ్రుతి పెట్టి, ఆ షడ్జంతో కలిపి ‘మ్’ అని పలికి, అదే ఎత్తులో నాలుగు మాటలు మాట్లాడి చూస్తే మధ్యప్రాంతపు సరిహద్దు ఎక్కడుందో చెవికి తెలిసిపోతుంది.

అయితే శ్రుతి పెంచినంత మాత్రాన పని జరగదు. మొదలుపెట్టిన వారిలో అత్యధికులు చేసే పొరపాటు ఇదే. సంగీతం నేర్పేవారు దొంగగొంతు అని కసిరే సన్నని కృత్రిమ స్వరంలోకి వెళ్ళి 220 హెర్ట్జ్‌ల దగ్గర మాట్లాడినా, విన్నవారికి అది ఆడగొంతులా కాక, మగవారు ఆడగొంతును అనుకరిస్తున్నట్లు వినబడుతుంది. తక్కువ శ్రుతిలో మాట్లాడే స్త్రీలు ఎందరో ఉన్నా వారిని సాధారణంగా ఎవరూ పురుషులుగా పొరబడటం లేదు. కాబట్టి చెవి పట్టుకునేది శ్రుతి ఒక్కదాన్నే కాదని తేలుతుంది. చెవి పట్టుకునే రెండవ అంశం పేరు అనునాదం.

వీణలో మోగేది తీగే అయినా ఆ మోతకు వీణ నాదమన్న గుణం ఇచ్చేది కుండ. మనిషి గొంతులో తీగల పని స్వరతంత్రులది, కుండ పని స్వరపేటిక పైనుంచి పెదవుల దాకా ఉండే గొట్టానిది. పురుషుల్లో ఈ గొట్టం సగటున 17 సెంటీమీటర్లు, స్త్రీలలో 14 సెంటీమీటర్ల పైచిలుకు. గొట్టం పొడవైతే అందులో బలపడే పౌనఃపున్యాలు, ధ్వనిశాస్త్రంలో వీటిని ఫార్మెంట్లు అంటారు, కిందికి జరిగి గొంతు గంభీరంగా ఉంటుంది. కురచైతే పైకి జరిగి తేటగా వినబడుతుంది. గొట్టాన్ని కోసి కురచ చేయడం కుదరదు గాని, స్వరపేటికను కాస్త పైకి నిలపడం, నాలుకను ముందుకు, పైకి జరపడం, పెదవుల కొసలను కొద్దిగా వెనక్కి లాగడం అన్న మూడు కదలికలతో అది కురచైనట్లు ధ్వనించేలా చేయవచ్చు. స్వరసాధనలో అసలైన కష్టమూ, అసలైన ఫలితమూ ఈ భాగంలోనే ఉన్నాయి.

దీన్ని అభ్యసించే తీరు చూడదగినది. మెడ మీద ముడి దగ్గర వేలు తేలికగా ఆనించి గుక్కెడు నీళ్ళు మింగితే స్వరపేటిక పైకి లేచి మళ్ళీ కిందికి దిగడం వేలికి తెలుస్తుంది. దాన్ని అక్కడే బిగించి పట్టుకోవాలని కాదు, ఏ దిక్కుగా కదలాలో శరీరానికి తెలియడం కోసమే ఈ పరీక్ష. తరువాత గొంతు కలపకుండా గుసగుసగా ‘హీ’ అని, వెంటనే ‘హా’ అని పలకాలి. గుసగుసలో స్వరతంత్రులు కంపించవు కనుక శ్రుతి ఉండదు. వినబడేదంతా ఆ గొట్టం గుణమే. ‘హీ’లో సన్నగా, తేటగా ఉన్న ఊపిరి చప్పుడు ‘హా’లోకి రాగానే బరువెక్కి లోతుకు పోతుంది, ఆ తేటదనం జారిపోకుండా ‘హా’ పలకగలిగే దాకా నాలుక వెనుకభాగాన్ని కొంచెం ఎత్తి, దవడను మరీ జార్చకుండా ప్రయత్నిస్తూ పోవాలి. పెద్ద కుక్క రొప్పినట్లు, ఆపైన చిన్న కుక్కపిల్ల రొప్పినట్లు ఊపిరి వదలడం కూడా ఇందుకోసం స్పీచ్ థెరపిస్టులు చేయించే అభ్యాసమే. చూసేవారికి నవ్వు వచ్చినా గొట్టం పెద్దదిగా, చిన్నదిగా మారడం అంటే ఏమిటో దానివల్ల క్షణంలో అర్థమవుతుంది.

గుసగుస కుదిరాక గొంతు కలపాలి. ‘మ్’ అని మూలిగినట్లు మొదలుపెట్టి ‘మీ’, ‘నీ’ అని, తరువాత ‘వీణ’, ‘నీళ్ళు’, ‘మీనా’ వంటి మాటలు, ఆ తరువాతే ‘మా’, ‘నాన్న’, ‘రామారావు’ వంటివి తీసుకోవడం మేలు. ఎందుకంటే ‘ఈ’ పలికేటప్పుడు నాలుక దానంతట అదే ముందుకు వస్తుంది, ‘ఆ’ పలికేటప్పుడు వెనక్కి జారుతుంది. తెలుగులో మరొక చిక్కు ఉంది. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, అందులోనూ ‘వస్తారు’, ‘చెప్పాను’, ‘లేదు’ అన్నట్లు ఉకారంతో ముగిసేవే ఎక్కువ. ఉకారానికి పెదవులు గుండ్రమై ముందుకు వస్తాయి కనుక గొట్టం పొడవై ఫార్మెంట్లు కిందికి దిగుతాయి. పైగా వాక్యం చివర శ్రుతి కూడా సహజంగానే పడిపోతుంది. ఈ రెండూ ఒకేచోట కలవడం వల్ల వాక్యమంతా చక్కగా నడిచి చివరి ‘రు’ దగ్గర పాత గొంతు బయటపడే ప్రమాదం తెలుగులో ఎక్కువ. ప్రచారంలో ఉన్న అభ్యాస పాఠాల్లో అధికభాగం ఇంగ్లిషు వాక్యాలతో తయారైనవి కావడంతో వాక్యాంతపు ఉకారాన్ని పట్టించుకునే పాఠం దొరకడం కష్టం. తెలుగు మాట్లాడేవారికి ఇంగ్లిషు వాక్యాలతో నేర్పించడం సగం నేర్పినట్లేనని చెప్పక తప్పదు.

మూడవది గొంతు బరువు. స్వరతంత్రులు మందంగా ఒకదానితో ఒకటి గట్టిగా, ఎక్కువసేపు అతుక్కుంటూ కంపిస్తే గొంతులో ఒరిపిడి, బరువు వినబడతాయి. అంచులు మాత్రమే తేలికగా తాకుతూ కంపిస్తే అదే శ్రుతిలోనే గొంతు తేలికగా ఉంటుంది. ‘అమ్మ’, ‘ఎక్కడ’, ‘ఇటు’ వంటి అచ్చుతో మొదలయ్యే మాటలను గొంతులో టక్కుమని కొట్టి మొదలుపెట్టకుండా, ఊపిరితో పాటు మెత్తగా అందుకోవడం దీనికి తొలి మెట్టు. అలాగని ప్రతి మాటలోనూ ఊపిరి ఊదేస్తూ మాట్లాడితే గొంతు ఎండిపోయి అరగంటలో అలసిపోతుంది. సన్నని స్ట్రా పెదవుల మధ్య పెట్టుకొని, దాని గుండా గొంతును కిందినుంచి పైకి, పైనుంచి కిందికి జారుస్తూ మూలగడం ఇక్కడ ఎంతో ఉపకరిస్తుంది. నోరు కొంత మూసుకొని ఉన్నప్పుడు వెనక్కి తన్నే గాలి ఒత్తిడి స్వరతంత్రులకు ఊతమిచ్చి వాటి రాపిడిని తగ్గిస్తుందని అమెరికన్ స్వరశాస్త్రజ్ఞుడు ఇంగో టిట్జె పరిశోధనలు వివరించాయి. గాయకులు, ఉపాధ్యాయులు, గొంతుతో పనిచేసే ఎవరైనా చేయదగిన అభ్యాసమిది.

ఇక మాట తీరు. స్వరం ఎక్కువ ఎత్తుపల్లాలతో సాగడం, నొక్కు చెప్పదలచిన మాటను గట్టిగా కాక పై శ్రుతిలో పలకడం వంటివి స్త్రీల మాటలో ఎక్కువని పాఠాల్లో రాస్తారు గాని, కోనసీమ ఇల్లాలి యాసకూ కరీంనగర్ ఉపాధ్యాయిని యాసకూ ఉన్న తేడా ముందు ఈ సూత్రాలు పెద్దగా నిలవవు. తన ఊరి, తన వయసు, తన పని చేసే స్త్రీలు ఎలా మాట్లాడతారో గమనించి వారి బాణీని చెవిలో నింపుకోవడం అన్ని సూత్రాలకన్నా నమ్మదగిన మార్గం.

వ్యాకరణం విషయంలో హిందీకి లేని ఒక వెసులుబాటు తెలుగుకు ఉంది. హిందీలో ‘నేను వస్తున్నాను’ అనాలన్నా ‘ఆ రహా హూఁ’ అనో ‘ఆ రహీ హూఁ’ అనో క్రియలోనే తాను పురుషుడో స్త్రీయో చెప్పాలి. తెలుగులో ‘వస్తున్నాను’ అంటే చాలు. ‘చదువుకున్నదాన్ని’, ‘ఈ ఊరిదాన్ని’ వంటి కొన్ని ప్రయోగాల్లో తప్ప మాట్లాడేవారి లింగం వాక్యంలో కనబడదు. దీనివల్ల ఇంటివారి ముందు ఇంకా బయటపడని వారికి కొంత రక్షణ దొరుకుతుంది; మరోవైపు ఫోనులో తాను స్త్రీనని తెలియజేసే భారమంతా గొంతు మీదే పడుతుంది.

తెలుగు నేల మీద పురుషుల శరీరాలు స్త్రీ స్వరాన్ని సాధించడం కొత్త సంగతేమీ కాదు. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామగా, చింతామణిగా, మధురవాణిగా రంగస్థలాన్ని ఏలి 1956లో పద్మశ్రీ అందుకున్నారు; కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ భామాకలాపానికి పర్యాయపదమయ్యారు. వారు ట్రాన్స్ మహిళలు కారు, స్త్రీ పాత్రధారులైన పురుష నటులు. ఆ తేడా చెరిపివేయడం ఉభయులకూ అన్యాయం. కాని గొంతు పుట్టుకతోనే తేలిపోయి జీవితాంతం అలాగే ఉండే వస్తువు కాదని, సాధనతో మలచుకోవచ్చునని చెప్పడానికి వారి కళ సాక్ష్యం. రంగస్థల స్వరం తెర దిగగానే విశ్రమిస్తుంది. ట్రాన్స్ మహిళ స్వరం నిద్రలేచినప్పుడు, దగ్గినప్పుడు, పకపకా నవ్వినప్పుడు, కూరగాయల బండి దగ్గర బేరమాడినప్పుడు కూడా నిలవాలి. అందుకే అభ్యాసం ఒక్కొక్క ధ్వనితో మొదలై మాటకు, వాక్యానికి, పుస్తకం చదవడానికి, ఎదుటి మనిషితో సంభాషణకు, ఫోనుకు విస్తరిస్తుంది. దగ్గు, నవ్వు, తుమ్ము విడిగా అభ్యసించవలసి వస్తుంది. అన్నిటికన్నా చివర లొంగేది కోపంలో వచ్చే గొంతు. రోజుకు గంటసేపు ఒకేసారి కూర్చోవడం కన్నా పది పదిహేను నిమిషాల చొప్పున రెండు మూడు సార్లు చేయడం, ఫోనులో రికార్డు చేసుకొని మరునాడు వినడం మేలు. ఎముకల గుండా కూడా శబ్దం చేరడం వల్ల మన గొంతు మన చెవికి ఉన్నదానికన్నా బరువుగా వినబడుతుంది కాబట్టి మాట్లాడుతూ ఉండగా చెప్పుకొనే తీర్పును నమ్మరాదు. నిలకడైన మార్పుకు నెలలు పడతాయి, కొందరికి ఏడాది దాటుతుంది.

ఈ సాధనను స్పీచ్ థెరపీలో భాగంగా పరిశీలించడం నిన్నమొన్నటిది కాదు. ఆస్ట్రేలియాకు చెందిన జెన్నిఫర్ ఓట్స్, జార్జియా డకాకిస్ 1983లోనే దీనిపై సమీక్షా వ్యాసం ప్రచురించారు. తన గొంతు గురించి ట్రాన్స్ మహిళ స్వయంగా ఏమనుకుంటోందో కొలిచే ప్రశ్నావళి రూపకల్పనలోనూ వారు పాలుపంచుకున్నారు. యంత్రం చూపే హెర్ట్జ్ అంకె కన్నా ఆమె సంతృప్తే కొలమానమన్న దృష్టి అందులో ఉంది. ట్రాన్స్‌జెండర్ ఆరోగ్య నిపుణుల అంతర్జాతీయ సంఘం డబ్ల్యూపాత్ 2022లో వెలువరించిన తన ప్రమాణాల ఎనిమిదవ కూర్పులో స్వరానికి ప్రత్యేక అధ్యాయమే ఉంది.

శస్త్రచికిత్సల్లో ప్రధానమైనవి రెండు. జపాన్‌లోని క్యోటోకు చెందిన వైద్యుడు ఇష్షికి 1970 దశకంలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో స్వరపేటికలోని రెండు మృదులాస్థులను కుట్లతో దగ్గరకు లాగి స్వరతంత్రులను ఎప్పుడూ సాగి ఉండేలా చేస్తారు. అయితే పెరిగిన శ్రుతి కాలక్రమంలో కొంత తగ్గిపోవడం దీని లోపం. బెర్లిన్ వైద్యుడు వెండ్లర్ పేరుతో ఉన్న పద్ధతిలో స్వరతంత్రుల ముందు భాగాన్ని కలిపి కుట్టి, కంపించే పొడవును తగ్గిస్తారు. రెండూ శ్రుతిని పెంచుతాయే గాని అనునాదాన్ని మార్చవు, గొంతు బొంగురుపోవడం, బిగ్గరగా మాట్లాడలేకపోవడం వంటి నష్టాలు కలగవచ్చు. మెడ మీది ముడిని చెక్కి నునుపు చేసే శస్త్రచికిత్సకు గొంతు మార్పుతో సంబంధం లేదు. అది రూపం కోసమే, పైగా అవసరానికి మించి చెక్కితే స్వరతంత్రుల అతుకు దెబ్బతిని గొంతు మరింత దిగిపోవచ్చు.

సాధనలో నొప్పి ఉండకూడదు. గొంతు మంట, మెడ కండరాలు బిగుసుకోవడం, సాయంత్రానికి గొంతు పోవడం వంటివి శ్రద్ధకు గుర్తులు కావు, తప్పు పద్ధతికి గుర్తులు. బొంగురు రెండు మూడు వారాలకు మించి తగ్గకపోతే ఈఎన్‌టీ వైద్యుడి చేత స్వరపేటికను పరీక్ష చేయించుకోవాలి. మొదలుపెట్టడానికి ముందే ఒకసారి చూపించుకోవడం ఇంకా మంచిది. నీళ్ళు తగినంత తాగడం, మాటిమాటికీ గొంతు సవరించుకునే అలవాటు మానడం చిన్న విషయాలే అయినా పెద్ద మేలు చేస్తాయి.

ప్రతి ట్రాన్స్ మహిళా గొంతు మార్చుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. హిజ్రా సమాజాల్లో బరువైన గొంతుతోనే నిండుగా, ధైర్యంగా బతుకుతున్నవారు ఎందరో ఉన్నారు. వారి స్త్రీత్వాన్ని గొంతుతో తూచే హక్కు విన్నవారికి లేదు. కొందరు ఇంట్లో ఒక గొంతు, ఉద్యోగంలో ఒక గొంతు ఉంచుకుంటారు, అదీ వారి ఇష్టమే. మార్చుకోవాలనుకున్నవారికి దారి దొరకడమే ఇక్కడ అసలు ప్రశ్న.

ఆ దారి తెలుగు రాష్ట్రాల్లో ఇంకా ఇరుకుగానే ఉంది. మైసూరులో 1965లో ఏర్పడిన అఖిలభారత వాక్ శ్రవణ సంస్థ వంటి చోట్ల, సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో స్పీచ్ థెరపీ చదువు ఉంది. ఆ చదువు చదివినవారు ప్రైవేటుగానూ, ఆస్పత్రుల్లోనూ పనిచేస్తున్నారు. వారి దగ్గరకు వచ్చేవారిలో ఎక్కువమంది మాటలు రాని పిల్లలు, పక్షవాతంతో మాట పోయినవారు. హైదరాబాద్‌లో 2021లో ట్రాన్స్‌జెండర్ల కోసం మొదలైన మిత్ర్ క్లినిక్ 2025 జనవరిలో అమెరికా నిధులు ఆగిపోవడంతో మూతపడటం, విదేశీ సహాయం మీద నిలిచిన సేవ ఎంత సులభంగా కూలుతుందో చూపింది. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం 15వ సెక్షన్ బీమా వర్తింపులో లింగ మార్పిడి శస్త్రచికిత్సను, హార్మోన్ చికిత్సను, లేజర్ చికిత్సను పేరుపెట్టి చెప్పి, మిగిలినవాటిని ఇతర ఆరోగ్య సమస్యలన్న మాటలో కలిపేసింది. మందులకు లొంగని గొంతుకు స్పీచ్ థెరపీయే చికిత్స కనుక దాన్ని కూడా పేరుపెట్టి ఆ జాబితాలో చేర్చాలి. ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్ వంటి పెద్ద ప్రభుత్వ ఆస్పత్రుల ఈఎన్‌టీ విభాగాల్లో వారానికి ఒక పూట దీనికి కేటాయించాలి. స్పీచ్ థెరపిస్టులు ‘వస్తారు’, ‘లేదు’, ‘చెప్పాను’ అని ముగిసే మన వాక్యాలతో తెలుగు అభ్యాస పాఠాలు తయారుచేయాలి.